రేగడి నెర్రె, రాతి పగులు: ఆదోని నుంచి పెన్న ఒడ్డు దాకా పర్యూషణ యాత్ర

బయల్దేరే ముందు

ఈ యాత్రలో మొదటి తప్పు పంచాంగం దగ్గరే జరుగుతుంది. శ్వేతాంబర జైనుల పర్యూషణం, అంటే ఉపవాసాలు, ప్రవచనాలు, క్షమాపణలతో గడిపే పండుగ, ఎనిమిది రోజులు. మన లెక్కలో శ్రావణ బహుళ ద్వాదశి ప్రాంతంలో మొదలై వినాయక చవితితో ముగుస్తుంది. రాజస్థాన్ మూలాలున్న సేట్లు దీన్నే ‘భాద్వా వద బారస్’ అంటారు. వాళ్ళకు నెల పౌర్ణమితో ముగుస్తుంది, మనకు అమావాస్యతో. ఆ మాట విని భాద్రపద బహుళ ద్వాదశికి టికెట్టు తీసుకుంటే సరిగ్గా నెల ఆలస్యంగా దిగుతారు. గుళ్ళో మూర్తిని పూజించే మందిరమార్గులు చవితినాడు సంవత్సరి (ఏడాది తప్పులకు క్షమ అడిగే చివరి రోజు) చేస్తే, మూర్తిపూజ లేని స్థానకవాసులు, తేరాపంథీలు పంచమినాడు చేస్తారు. తిథి పెరిగినా తరిగినా రోజు జరుగుతుంది. కాబట్టి వెళ్ళే ఊరి ఉపాశ్రయంలో (సాధువులు దిగే, ప్రవచనాలు జరిగే చోటు) తేదీ అడిగాకే బయల్దేరాలి.

మకాం ఆదోని. గుంతకల్లు–రాయచూరు రైలు మార్గంలో ఉంది, పత్తి వ్యాపారంలో స్థిరపడిన జైన కుటుంబాలున్నాయి, పైగా కొండ మీద పాత తీర్థంకర శిల్పాలున్నాయి. సంచిలో ఉండాల్సినవి: తెల్లటి నూలు పంచె, ఉత్తరీయం (ఆడవాళ్ళకు నూలు చీర), కూర్చోవడానికి ఉన్ని ఆసనం, మూత గట్టిగా పట్టే స్టీలు నీళ్ళ సీసా, అరకిలో విరగని బియ్యం. తోలు బెల్టు, తోలు పర్సు బసలోనే వదిలేయాలి, గుడిలోకి రానివ్వరు.

మొదటి రోజు: ఆదోని, రెండు ఘడియల కూర్చోవడం

గుంతకల్లు దాటాక రైలు కిటికీలోంచి కనిపించేదంతా నల్లరేగడి. వానలు సరిగ్గా పడిన ఏడాది ఈ వేళకు పత్తి మోకాలెత్తు ఉంటుంది. వాన ముఖం చాటేసిన ఏడాది శ్రావణంలోనూ నేల నెర్రెలిచ్చే ఉంటుంది. ఆ నెర్రెలను గుర్తుపెట్టుకోండి, నాలుగో రోజు పనికొస్తాయి.

మొదటి మూడు రోజుల ప్రవచనాలు పర్యూషణంలో చేయాల్సిన ఐదు పనుల గురించి సాగుతాయి. జీవహింస ఆపించడం, తోటి ధర్మస్థులను ఆదరించడం, క్షమాపణ, మూడు రోజుల ఉపవాసం, ఊళ్ళోని అన్ని జినాలయాలనూ దర్శించడం. చివరిదాన్ని చైత్య పరిపాటి అంటారు. ఈ యాత్ర దాన్ని కొంచెం సాగదీసినదే: పూజారి లేని, దీపం లేని, జైనులే లేని చైత్యాల దాకా.

ప్రవచనం చెప్పే సాధువులు చాతుర్మాస్యం కోసం ఆషాఢ పౌర్ణమికి ముందే వచ్చి ఉంటారు, కార్తీక పౌర్ణమి దాకా ఊరు దాటరు. వాళ్ళు వాహనం ఎక్కరు, ఫ్యాను వేయించుకోరు. సాధ్వీలను మగవాళ్ళు, సాధువులను ఆడవాళ్ళు తాకకూడదు. మన అలవాటు కొద్దీ కాళ్ళకు దండం పెట్టబోతే వాళ్ళు వెనక్కి జరుగుతారు. దూరంనుంచి చేతులు జోడిస్తే చాలు.

సాయంత్రం సామాయికం. జైన ధ్యానానికి ఇదే పునాది. దీని కాలం 48 నిమిషాలు, అంటే అచ్చంగా మన రెండు ఘడియలు. ముందు మూడడుగుల మేర నేలను చరవళాతో మెల్లగా తుడుస్తారు. చరవళా అంటే కర్రకు ఉన్ని కుచ్చు కట్టిన చిన్న చీపురు. దుమ్ము పోవడానికి కాదు, చీమ ఉంటే పక్కకు జరగడానికి. దాని మీద ఉన్ని ఆసనం పరుస్తారు. కుడిచేతిలో ముహపత్తి ఉంటుంది. మడత పెట్టిన ఈ చిన్న తెల్లబట్టను మాట్లాడేటప్పుడు నోటికి అడ్డం పెట్టుకుంటారు. స్థానకవాసులు, తేరాపంథీలు దీన్నే దారంతో చెవులకు కట్టుకుంటారు. నవకార మంత్రం, గురువందనం అయ్యాక ‘ఇరియావహియం’ చదువుతారు. ఇక్కడిదాకా నడిచి వచ్చిన దారిలో కాలి కింద పడిన గింజ, పచ్చిక, మంచు, చెమ్మ, పురుగు, సాలెగూడు, అన్నిటికీ క్షమాపణ. ధ్యానానికి ముందు దారితో లెక్క తేల్చుకోవడమన్నమాట. తరువాత నిలబడి ఒక లోగస్స (తీర్థంకరుల స్తుతి) కాయోత్సర్గం, అంటే ఒంటిని మరిచి కదలకుండా మనసులో దాన్ని తలచుకోవడం, ముహపత్తిని విప్పి అటూ ఇటూ చూసి మళ్ళీ మడవడం, చివరికి ‘కరేమి భంతే’ ప్రతిజ్ఞ. ఆ ప్రతిజ్ఞ తీసుకున్నాక 48 నిమిషాలు పూర్తయ్యేదాకా లేవకూడదు.

కొత్తవాళ్ళు ప్రతిజ్ఞ తీసుకోకుండా పక్కన కూర్చోవచ్చు, ఎవరూ కాదనరు. మొదటిసారికి అదే మేలు. ఎందుకంటే పాతిక నిమిషాలకు మోకాళ్ళు లాగుతాయి, ముప్పై అయిదో నిమిషానికి చెయ్యి తెలియకుండానే ఫోను వైపు పోతుంది. సామాయికానికి 32 దోషాలు చెప్పారు. మనసువి 10, మాటవి 10, శరీరానివి 12. గోడకు ఆనుకోవడం, కునికిపాట్లు, మెటికలు విరవడం కూడా దోషాలే. ముందే తెలిస్తే గోడ పక్కన చోటు వెతుక్కోరు. కొన్ని ఉపాశ్రయాల్లో ఇసుక గడియారం పెడతారు. మోత మోగే అలారం కంటే అది వెయ్యి రెట్లు నయం.

రెండో రోజు: తిండి లెక్కలు

ఉల్లి, వెల్లుల్లి, ఆలుగడ్డ, క్యారెట్, ముల్లంగి ఉండవని అందరికీ తెలుసు. తెలియనివి వేరే ఉన్నాయి. రాత్రి మిగిలినది ఉదయం తినరు, కాబట్టి చద్దన్నం లేదు. నిష్ఠగా ఉండేవాళ్ళు రాత్రంతా పులిసిన ఇడ్లీ, దోసె పిండిని కూడా ముట్టరు. పచ్చి పెరుగును పప్పుధాన్యంతో కలపరు. దీన్ని ద్విదళ దోషమంటారు. పెరుగువడ అలా పోతుంది. పెరుగును కాచి వాడితే కొందరు ఒప్పుకుంటారు. ఈ రోజుల్లో చాలామంది ఆకుకూరలు, పచ్చి కూరగాయలు కూడా మానేసి పప్పులు, ధాన్యాలతోనే సరిపెట్టుకుంటారు.

అనంతపురం వాళ్ళకు ఊరట: శనక్కాయ నేలలోనే కాసినా దుంప కాదు గనుక సాధారణంగా నిషేధం లేదు. బజారులో ఉగ్గాని చెప్పేటప్పుడు ‘ఉల్లిగడ్డ వద్దన్నా’ అంటే సరిపోదు, పొద్దున్నే ఒకే బాణలిలో అందరికీ కలిపేసి ఉంటారు. బొరుగులు విడిగా తడిపించి, శనగల పొడి, నిమ్మరసంతో చేయించుకోవాలి. సంఘం నడిపే భోజనశాల ఉంటే ఈ తంటా ఏదీ ఉండదు. అక్కడ పొద్దు వాలకముందే వడ్డన ముగుస్తుంది. ఆరుంబావుకు వెళ్ళి కూర్చుంటే పళ్ళెం రాదు.

నీళ్ళు మూడు పొంగులు వచ్చేదాకా కాచి చల్లార్చినవి. వానాకాలంలో ఆ నీళ్ళకు గడువు మూడు ఝాములు, అంటే సుమారు తొమ్మిది గంటలు. చలికాలంలో నాలుగు, ఎండాకాలంలో ఐదు. పొద్దున ఆరున్నరకు కాచినవి మధ్యాహ్నం మూడున్నర దాటితే పనికిరావు. ప్రయాణంలో ఉన్నవాళ్ళు దీన్ని ముందే లెక్కేసుకోవాలి.

మూడో రోజు: ఉపవాసాలు

అఠ్ఠాయి, అంటే ఎనిమిది రోజుల ఉపవాసం పట్టినవాళ్ళకు ఈ రోజు గడ్డు. ఆకలి రెండో రోజు సాయంత్రానికి తగ్గుతుంది. బాధించేది తలనొప్పి, సగం మందికి అది కాఫీ, టీ మానినందువల్ల వచ్చేది. తెలిసినవాళ్ళు వారం ముందు నుంచే రోజుకు అరకప్పు తగ్గించుకుంటూ వస్తారు.

ఉపవాసమంటే మన ఏకాదశి పలహారం కాదు. ముందురోజు సూర్యాస్తమయం నుంచి మర్నాడు మొత్తం, ఆ మరునాడు సూర్యోదయం అయిన 48 నిమిషాల దాకా, దాదాపు 36 గంటలు తిండి లేదు. పగటిపూట కాచిన నీళ్ళు తాగితే తివిహార్, అవీ లేకపోతే చౌవిహార్. అంత చేయలేనివాళ్ళకు మెట్లున్నాయి. బియాసణ అంటే రెండు పూటలు, ఏకాసణ అంటే ఒక్కసారి కూర్చుని తినడం. లేచారో, ఆ రోజుకు అంతే. ఆయంబిల్ ఇంకా కఠినం: ఒకే పూట, పాలు, పెరుగు, నెయ్యి, నూనె, బెల్లం, చక్కెర, వేపుడు ఏవీ లేకుండా, కాయా పండూ లేకుండా, ఉడికించిన ధాన్యం, పప్పు. ఉపవాసం కంటే ఆయంబిలే కష్టమనే వాళ్ళు చాలామంది. నాలుక ముందు పళ్ళెం పెట్టి రుచి లేదనడం కదా.

ఇక్కడ పొరపాట్లు ప్రాణం మీదికి తెస్తాయి. ఇన్సులిన్ గానీ, చక్కెరను దించే మాత్రలు గానీ వాడేవాళ్ళు మోతాదు మార్చకుండా ఉపవాసం ఉంటే చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. మాత్రలు తమంతట తామే మానేస్తే అటువైపు ప్రమాదం. బీపీకి మూత్రం ఎక్కువ పోయే మాత్ర వేసుకుంటూ నీళ్ళు తగ్గిస్తే లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతాయి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు దిగకూడని పని ఇది. వైద్యుణ్ణి అడగకుండా పచ్చక్కాణం (వ్రత ప్రతిజ్ఞ) తీసుకోవద్దు. శక్తికి మించిన తపస్సు చేయమని శాస్త్రమూ చెప్పదు. ఇంట్లో పోటీలు పెట్టేది చుట్టాలే.

ఉపవాసి దగ్గరికి వెళితే ‘శాతామే హై?’ అని అడగడం మర్యాద. సుఖంగా ఉన్నారా అని అర్థం. ‘ఇంకా ఎన్ని రోజులు?’ అని అడగడం మర్యాద కాదు.

నాలుగో రోజు: పోలాల అమావాస్య, కోట కొండ

పొద్దున ఏడు లోపే కొండెక్కడం మొదలుపెట్టాలి. ఏకాసణ వాళ్ళు రావచ్చు. నీళ్ళు మాత్రమే తాగే ఉపవాసులు రాకూడదు, ఈ మాట మొహమాటం లేకుండా చెప్పాలి. వానాకాలం బండలు నాచు పట్టి జారతాయి. దిగేటప్పుడే ఎక్కువ పడతారు.

ఆదోని అంటే జనం కోటనూ, మసీదునూ గుర్తుచేసుకుంటారు. ఆ కొండ బండ మీద తీర్థంకర మూర్తులు చెక్కి ఉన్నాయన్నది ఊళ్ళోవాళ్ళకే అందరికీ తెలియదు. గుర్తుపట్టడం తేలిక: పద్మాసనంలో ఒడిలో ఒకదానిపై ఒకటి ఆన్చిన అరచేతులు, లేదా నిటారుగా నిలబడి మోకాళ్ళ దాకా వేలాడే చేతులు, తల మీద మూడంతస్తుల గొడుగు. ఏడు పడగలుంటే పార్శ్వనాథుడు. పసుపు, కుంకుమ, నూనె, సున్నం ఏదీ పూయొద్దు. సుద్దముక్కతో గీతలు దిద్ది ఫొటో తీయడం అంతకంటే పాపం.

క్షమ గురించి జైన కర్మశాస్త్రం చెప్పిన పోలిక ఒకటుంది, దానికి ఈ బండ కంటే మంచి చోటు దొరకదు. కోపం నాలుగు రకాలు. నీటి మీద గీత, గీస్తుండగానే చెరుగుతుంది. దాని హద్దు పదిహేను రోజులు. ఇసుకలో గీత గాలికి చెరుగుతుంది, హద్దు నాలుగు నెలలు. ఎండిన నేలలో నెర్రె మళ్ళీ వాన పడితే గానీ పూడదు, హద్దు ఏడాది. నాలుగోది రాతి పగులు. అది ఈ జన్మంతా ఉంటుంది, జీవుణ్ణి అంతులేని సంసారానికి కట్టేస్తుంది. దాని పేరే అనంతానుబంధి. ప్రతిక్రమణాల (చేసిన తప్పులు ఒప్పుకుని వెనక్కి మళ్ళే క్రియ) వరుస ఈ హద్దులకు సరిగ్గా సరిపోతుంది: పక్షానికి ఒకటి, నాలుగు నెలలకు ఒకటి, ఏడాదికి ఒకటి. సంవత్సరి దాటినా పగ దించుకోకపోతే నెర్రె కాస్తా బండలోకి దిగినట్టే. అంటే క్షమకు గడువుంది. మనసు మెత్తబడినప్పుడు చూద్దాంలే అనే వీలు ఈ ధర్మం ఇవ్వదు. పగను తండ్రి నుంచి కొడుక్కి ఆస్తిలా అప్పజెప్పిన ఊళ్ళు ఈ సీమలో ఉండేవని తెలిసినవాళ్ళకు ఈ లెక్క ఎంత పదునైనదో విడమరచి చెప్పనక్కర్లేదు.

ఐదో రోజు: పద్నాలుగు కలలు

నాలుగో రోజు నుంచి కల్పసూత్ర పఠనం మొదలవుతుంది. భద్రబాహు స్వామి పేరున్న గ్రంథం. ఐదో రోజు మధ్యాహ్నం అందులో మహావీరుడి జన్మఘట్టం చదువుతారు. బయటివాళ్ళు దీన్ని మహావీర జయంతి అనుకుంటారు. జయంతి చైత్ర శుద్ధ త్రయోదశినాడు. ఇది పఠనంలో జననం వచ్చిన రోజు, అంతే. కానీ సందడి మాత్రం పుట్టినరోజుదే.

మహావీరుడి తల్లి త్రిశలాదేవి కన్న పద్నాలుగు కలలకు వెండి ప్రతిమలుంటాయి: ఏనుగు, ఎద్దు, సింహం, లక్ష్మి, పూలదండలు, చంద్రుడు, సూర్యుడు, ధ్వజం, కలశం, పద్మసరస్సు, పాలసముద్రం, దేవవిమానం, రత్నరాశి, పొగలేని అగ్ని. ఒక్కొక్కదాన్ని పైనుంచి కిందికి దించే అవకాశానికి పాట జరుగుతుంది. ‘బోలీ’ అంటారు. పాట పాత పద్ధతిలో మణుగుల నెయ్యిలో పలుకుతుంది. మణుగుకు ఎన్ని రూపాయలో ఆ మందిరం ముందే నిర్ణయించి ఉంటుంది. యార్డులో పత్తి పాటలు చూసిన చెవికి ఇక్కడి ఊపు కొత్తగా ఉండదు. వింతేమిటంటే ఇక్కడ గెలిచినవాడికి చేతికొచ్చేది ఏమీ ఉండదు. చూడ్డానికి వెళ్ళినవాళ్ళు చేతులు ఊపుతూ మాట్లాడకపోవడం మంచిది. చదివింపు ఎగ్గొట్టడం దేవద్రవ్య దోషం, దాన్ని వాళ్ళు చాలా గట్టిగా పట్టించుకుంటారు.

రద్దీ తగ్గాక గర్భగుడి ముందు పీట దగ్గర అక్షతపూజ చూడండి. అక్షతలంటే మనకు పసుపు కలిపినవి. ఇక్కడ తెల్లటి, విరగని బియ్యం. ముందు గుప్పెడు బియ్యంతో స్వస్తికం, దాని నాలుగు చేతులు దేవ, మనుష్య, తిర్యక్ (జంతు), నరక గతులు. దాని పైన మూడు చిన్న కుప్పలు, జ్ఞానం, దర్శనం, చారిత్రం. అన్నిటికంటే పైన నెలవంక, దానిలో చుక్క, మోక్షం పొందిన సిద్ధులుండే చోటు. స్వస్తికాన్ని చూపుడువేలితో కాదు, ఉంగరపు వేలితో సరిచేసే పెద్దమ్మలను గమనిస్తే గీత సన్నగా ఎలా వస్తుందో తెలుస్తుంది.

ఆరో రోజు: కొనకొండ్ల

పొద్దున్నే గుంతకల్లు చేరి, ఉరవకొండ దారి పట్టాలి. అనంతపురం జిల్లా వజ్రకరూరు మండలంలోని కొనకొండ్లే పాత కొండకుందె అని, ఆచార్య కుందకుందుడి ఊరు ఇదేనని పండితులు గుర్తించారు. సమయసారం, ప్రవచనసారం, పంచాస్తికాయం, నియమసారం ఆయనవే. అసలు పేరు పద్మనంది. దిగంబరులు మంగళశ్లోకంలో మహావీరుడు, ఆయన ముఖ్య శిష్యుడు గౌతమ గణధరుడు తరువాత మూడో పేరుగా ఈయన్నే తలుస్తారు. శ్రవణబెళగొళ శాసనాల్లో కనిపించే ‘కొండకుందాన్వయం’ ఈ ఊరి పేరే.

ఊరి దగ్గర కొండను రససిద్ధుల గుట్ట అంటారు. ముక్కొడల (మూడంతస్తుల గొడుగుల) కింద నిలబడిన జినమూర్తులను జనం రసవాదం తెలిసిన సిద్ధులనుకున్నారు. బంగారం చేసేవాళ్ళని పేరు పెట్టింది ఒంటిమీద నూలుపోగు కూడా ఉంచుకోనివాళ్ళకు!

గుట్ట మీద అంగడి లేదు, నీడ తక్కువ. తొమ్మిదిన్నరకల్లా దిగేలా చూసుకోవాలి. ఉదయం గాలికి 48 నిమిషాలు కూర్చోగలిగితే ఆ కాలాన్ని నాలుగు పన్నెండులుగా పంచుకునే పద్ధతి ఒకటి చెబుతాం. తత్త్వార్థసూత్రంలో నాలుగు భావనలున్నాయి. మొదటి పన్నెండు నిమిషాలు మైత్రి, అన్ని ప్రాణుల మీదా. రెండోది ప్రమోదం, మనకంటే గుణవంతుణ్ణి చూసి సంతోషించడం. మూడోది కారుణ్యం, కష్టంలో ఉన్నవాళ్ళ మీద. నాలుగోది మాధ్యస్థ్యం, ఎంత చెప్పినా విననివాడి మీద కోపం లేకుండా ఊరుకోవడం. చాలామందికి మైత్రి, కారుణ్యం సులువుగా కుదురుతాయి. ఇబ్బంది ప్రమోదం దగ్గర వస్తుంది. పక్కింటివాడి బోరులో నీళ్ళు పడితే సంతోషించడం ఎంత కష్టమో ఈ జిల్లాలో వేరే చెప్పాలా?

రాత్రి గుంతకల్లులో బస. భోజనం సూర్యాస్తమయానికి ముందే.

ఏడో రోజు: దానవులపాడు

ఇది పొడుగాటి రోజు. తెల్లవారుజామున బయల్దేరి గుత్తి, తాడిపత్రి మీదుగా కడప జిల్లా జమ్మలమడుగుకు మూడు గంటలకు పైనే పడుతుంది. నంద్యాల–ఎర్రగుంట్ల రైలు మార్గం మీద జమ్మలమడుగుకు స్టేషనుంది గానీ, ఆ బండ్లను నమ్ముకుని సాయంత్రానికి ఆదోని చేరడం కష్టం. కారే మేలు. నీళ్ళు ఎన్నింటికి కాచారో సీసా మీద రాసిపెట్టుకోండి.

గండికోట చూసేవాళ్ళు వేలమంది, దానవులపాడు పేరు విన్నవాళ్ళు వాళ్ళలో ఎందరో తెలియదు. పెన్న ఒడ్డున ఇసుక మేట కింద కప్పుబడి ఉన్న జైన క్షేత్రాన్ని 1903లో పురావస్తు శాఖ తవ్వి తీసింది. ఇటుక కట్టడం, పార్శ్వనాథుడి పెద్ద విగ్రహం, నాలుగు వైపులా జినులున్న చౌముఖం బయటపడ్డాయి. రాష్ట్రకూట రాజు నిత్యవర్షుడు, అంటే మూడో ఇంద్రుడు, పదో శతాబ్దం మొదట్లో శాంతినాథుడి స్నపనానికి (అభిషేకానికి) చేయించిన రాతి పీఠం మీద శాసనం ఉంది. కొన్ని శిల్పాలు మద్రాసు మ్యూజియానికి తరలాయి. ఇక్కడి నిషిధి శాసనాలు, అంటే ఆహారం క్రమంగా విడిచి సమాధి మరణం పొందినవాళ్ళ స్మారక శిలలు, మరింత విలువైనవి. వాటిలో ఒకటి దండనాయకుడు శ్రీవిజయుడిది. కత్తి పట్టి యుద్ధాలు చేసినవాడు అన్నీ దించేసి సల్లేఖన తీసుకున్నాడు. ఊరి పేరు మాత్రం దానవుల మీద పడింది. అహింసను కులవృత్తిలా పాటించినవాళ్ళకు తరువాతి కాలం పెట్టిన పేరు కాబోలు.

ఏడో రోజు కల్పసూత్రంలో పార్శ్వనాథుడి చరిత్ర వస్తుంది. అది ఆదోనిలో చదువుతున్న వేళ ఇక్కడ ఉండటంలో ఒక పొందిక ఉంది. కమఠుడు పది జన్మలుగా పగ మోసినవాడు. చివరి జన్మలో మేఘమాలిగా వచ్చి, ధ్యానంలో నిలబడిన పార్శ్వుడి ముక్కుదాకా నీళ్ళు వచ్చేలా వాన కురిపిస్తాడు. నాగరాజు ధరణేంద్రుడు పడగ పట్టి కాపాడతాడు. ముంచినవాడి మీదా, కాచినవాడి మీదా పార్శ్వుడి మనసు ఒకేలా ఉందని హేమచంద్రాచార్యుడు శ్లోకం చెప్పాడు. దాన్ని రేపటి ప్రతిక్రమణంలో చదువుతారు. చెడు చేసినవాణ్ణి క్షమించడం దాకా మనకు అర్థమవుతుంది. కాపాడినవాడి వైపు కూడా మొగ్గకపోవడం దగ్గర బుర్ర ఆగుతుంది.

పెన్నలో నీళ్ళుంటే ఏటి దగ్గరికి పోవద్దు, ఇసుక తవ్విన గుంటలు పైకి కనిపించవు. పైనున్న మైలవరం ఆనకట్ట నుంచి నీళ్ళు వదిలితే ఒడ్డు స్వరూపమే మారుతుంది. పొదల్లో పాములుంటాయి, బూట్లు వేసుకుని వెళ్ళి మూర్తుల దగ్గర విప్పండి. మధ్యాహ్నం రెండింటికల్లా తిరుగుప్రయాణం.

ఎనిమిదో రోజు: ఆదోని, సంవత్సరి

వినాయక చవితి. ఒక వీధిలో మండపం, డీజే పెట్టెలు. పక్క వీధిలో నోరు కట్టుకున్న మౌనం. రెండూ ఒకే రోజు రావడం ఇప్పటిది కాదు, ఊరు దానికి అలవాటుపడింది. ఉపాశ్రయం వీధిలో మండపం ఉంటే కమిటీ కుర్రాళ్ళతో నాలుగు రోజుల ముందే మాట్లాడుకోవాలి. సాయంత్రం నాలుగు నుంచి ఏడున్నర దాకా పెట్టెలు తగ్గించమంటే సాధారణంగా కాదనరు. ఆ పూట వెళ్ళి గొడవపడితే క్షమాపణల రోజున కొత్త ఖాతా తెరిచినట్టవుతుంది.

ఉదయం బారసా సూత్రం, అంటే కల్పసూత్రం మూలం మొత్తం ఏకధాటిగా చదువుతారు. చివర్లో సామాచారి (సాధువుల నియమాలు) భాగంలో ఒక మాట వస్తుంది: క్షమించాలి, క్షమ అడగాలి. తాను శాంతించాలి, ఎదుటివాణ్ణి శాంతింపజేయాలి. శాంతించినవాడికే ఆరాధన ఉంది, శాంతించనివాడికి లేదు. ఎదుటివాడు ఏం చేశాడన్నది ఆ లెక్కలోకే రాదు.

ప్రతిక్రమణానికి ముందే మనుషుల దగ్గరికి వెళ్ళి రావాలి. ఇదే అందరూ తిరగేసే వరుస. పొద్దున్నే అయిదువందల మందికి ఒకే బొమ్మతో ‘మిచ్ఛామి దుక్కడం’ ఫోనులో పంపేసి, మాటలు లేని అన్న గుమ్మం మాత్రం తొక్కరు. ఆ మాటకు సంస్కృతం ‘మిథ్యా మే దుష్కృతం’, నా చెడ్డపని వమ్మగుగాక అని. ‘తెలిసో తెలియకో ఏమన్నా చేసి ఉంటే’ అనే వాక్యం తెలియని ప్రాణులకు సరిపోతుంది. తెలిసిన తగాదాకు అది తప్పించుకోవడం. ‘అన్నా, పోయిన సంక్రాంతికి కాటా దగ్గర నలుగురిలో నిన్ను నోరు జారినాను, తప్పు నాదే’ అనాలి. తప్పు పేరు చెప్పాలి, కారణం చెప్పకూడదు. కారణం మొదలైందంటే వాదన మొదలైనట్టే. బాకీ ఉంటే డబ్బు చేతబట్టుకుని పోవాలి. ఎదుటివాడు తలుపు వేసుకున్నా మీ వంతు పూర్తయినట్టే, మళ్ళీ మళ్ళీ తట్టి ఒప్పించడం ఇంకో రకం జులుం. ప్రవచనాల్లో చెప్పే ఉదాయన రాజు కథ అధికారం ఉన్నవాళ్ళకు. బందీగా ఉన్న చండప్రద్యోతుణ్ణి క్షమ అడిగే ముందు సంకెళ్ళు విప్పించి రాజ్యం తిరిగి ఇచ్చాడు. కట్టేసి ఉన్నవాడు ‘క్షమించాను’ అంటే దానికి విలువేముంది?

ఇంకో కథ పిల్లలకు బాగా నచ్చుతుంది. ఒక బాల సాధువు కుమ్మరి కుండలమీద రాయి విసిరి మిచ్ఛామి దుక్కడం అంటాడు, మళ్ళీ విసిరి మళ్ళీ అంటాడు. కుమ్మరి అతని చెవి మెలిపెట్టి తానూ మిచ్ఛామి దుక్కడం అంటాడు, మళ్ళీ మెలిపెట్టి మళ్ళీ అంటాడు.

ప్రతిక్రమణం సుమారు మూడు గంటలు. ముందే మూత్రవిసర్జనకు వెళ్ళిరండి, మధ్యలో లేస్తే వరుస తెగుతుంది. చీకటిపడినా లైట్లు వేయరు. అసలు ఘట్టం 40 లోగస్సల కాయోత్సర్గం. ఒక్కో లోగస్సకు 25 శ్వాసలు, అంటే వెయ్యి. చివర ఒక నవకారానికి 8, మొత్తం 1008. పక్షానికి 12 లోగస్సలు, చాతుర్మాసికి 20, ఏడాదికి 40. లోగస్స రానివాళ్ళు ఒక్కోదానికి నాలుగు చొప్పున 160 నవకారాలు, పైన ఒకటి. పాదాల మధ్య ముందు నాలుగు వేళ్ళ ఎడం, వెనక అంతకంటే కొంచెం తక్కువ. చేతులు వదులుగా కిందికి, చూపు ముక్కుకొసన. పెదాలు కదలకూడదు, వేళ్ళతో లెక్కపెట్టకూడదు. గుర్రంలా ఒక కాలు మడిచి బరువు మార్చడం, తీగలా ఊగడం, స్తంభానికి ఆనుకోవడం దోషాలు. మోకాళ్ళు బిగించి నిలబడితే పది నిమిషాలకే కళ్ళు తిరుగుతాయి, కొద్దిగా సడలించి ఉంచండి. దగ్గు, తుమ్ము, ఆవలింత, త్రేన్పు, తల తిరగడం, మూర్ఛ, ఇవన్నీ ‘అన్నత్థ’ సూత్రంలోనే మినహాయించారు. ఉపవాసంలో ఉన్నవాళ్ళు కూర్చునే చేయవచ్చు.

తరువాత ఆ చీకట్లోనే అందరి గొంతులూ కలుస్తాయి: ఖామేమి సవ్వ జీవే, సవ్వే జీవా ఖమంతు మే, మిత్తీ మే సవ్వ భూఏసు, వేరం మజ్ఝ న కేణఈ. అన్ని జీవులనూ క్షమిస్తున్నాను, అన్ని జీవులూ నన్ను క్షమించాలి, అందరితో నాకు మైత్రి, ఎవరితోనూ వైరం లేదు. అప్పటికి పక్క వీధిలో పెట్టెలు మళ్ళీ మొదలవుతాయి.

తొమ్మిదో రోజు: పారణ

సూర్యోదయమయ్యాక 48 నిమిషాలకు పారణ. ఎనిమిది రోజులు ఖాళీగా ఉన్న కడుపుకు ముందు పెసర కట్టు, నాలుగైదు చెంచాలు, నెమ్మదిగా. అరగంట ఆగి శొంఠి, మోడి (పిప్పలి వేరు) వేసిన పల్చటి జావ. మధ్యాహ్నం మెత్తటి పెసరపప్పు అన్నం. వేపుడు, స్వీట్లు, పుల్లటి పళ్ళరసాలు మూడు రోజుల దాకా వద్దు. ఒక్కసారిగా గట్టి భోజనం పెడితే వాంతులు, విరేచనాలు సరే, రక్తంలో పొటాషియం, ఫాస్ఫేట్ హఠాత్తుగా పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం కూడా ఉంది. గుండె దడ, కాళ్ళ వాపు, అయోమయం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. చుట్టాలు ప్రేమకొద్దీ తెచ్చే లడ్డూ డబ్బాలను ఇంటి పెద్దావిడ చేతికి అప్పగించేయడం మంచి ఉపాయం.

ఇవాళ పంచమి. దిగంబరుల దశలక్షణ పర్వం ఇవాళే మొదలై అనంత చతుర్దశి దాకా పది రోజులు నడుస్తుంది. రోజుకొక ధర్మం, రోజుకొక తత్త్వార్థసూత్ర అధ్యాయం. వాళ్ళ మొదటి రోజు ధర్మం ఉత్తమ క్షమ. ఒకరు ఎనిమిది రోజులు నడిచి చేరిన చోట ఇంకొకరు మొదలుపెడతారు. యాత్ర పొడిగించాలనుకునేవాళ్ళు పెనుకొండ పచ్చ పార్శ్వనాథుడి గుడికి వెళ్ళవచ్చు, ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. గుంతకల్లులో బండి మారి ధర్మవరం మీదుగా పోవాలి. ఉపవాసం విడిచినవాళ్ళు మాత్రం రెండు రోజులు ఆగి బయల్దేరండి.